క్రియ వెంట నడచు చిన్నమాటలు

ఇంగ్లీషున 'పుట్' అనగా ఉంచుట, 'అప్' అనగా పైకి, 'విత్' అనగా తోడ. బడిలో క్రొత్తగా చేరిన బాలునకు సైతము తెలిసిన మాటలివి. కాని ఈ మూడును ఒక వరుసను నిలిచి 'పుట్ అప్ విత్' అయినపుడు ఉంచుటయు లేదు, పైకి పోవుటయు లేదు, తోడును లేదు. 'ఓర్చుకొనుట' అను క్రొత్త అర్థమొకటి పుట్టుచున్నది. 'పుట్ ఆఫ్' అన్నచో వాయిదా వేయుట. 'పుట్ ఔట్' అన్నచో దీపమును ఆర్పుట. 'పుట్ ఆన్' అన్నచో చొక్కా తొడుగుకొనుట. 'పుట్ డౌన్' అన్నచో తిరుగుబాటును అణచుట. క్రియ ఒక్కటే. దాని వెంట నడచు చిన్నమాట మారినకొలది అర్థము మారుచున్నది. ఇట్టి కూర్పులను ఇంగ్లీషు వ్యాకర్తలు 'ఫ్రేజల్ వర్బు'లందురు. ఈ ప్రసంగమున మేము వీనిని జంటక్రియలని పిలుతుము.

ఇంగ్లీషువారి ఇంటిలోను, అంగడిలోను, కార్యాలయములోను ఈ జంటక్రియలు లేక సంభాషణ సాగదు. ఉదయమున లేచుట 'గెట్ అప్'. పెరుగుట 'గ్రో అప్'. పని కొనసాగించుట 'గో ఆన్'. బండి చెడిపోవుట 'బ్రేక్ డౌన్'. ప్రయత్నము మానుట 'గివ్ అప్'. ఇంత సామాన్యమైన మాటలయొద్దనే, కఠినమైన ఇంగ్లీషు గ్రంథములను చదివి పట్టములు పొందిన మనవారు తడబడుచుందురు. దీనికి కారణమేమి? ఈ చిన్నమాటలు క్రియల వెంట ఎప్పుడు చేరినవి? ఈ ప్రశ్నలకు సమాధానము వ్యాకరణములోకంటె చరిత్రలోనే ఎక్కువగా దొరకును.

మనకున్న సంస్కృత పరిచయము ఇచ్చట అక్కరకు వచ్చును. 'హృ' అను ధాతువునకు కొనిపోవుట అని అర్థము. దానికి ముందు ఒక్కొక్క ఉపసర్గ చేరగా ఆహారము, విహారము, సంహారము, ప్రహారము, పరిహారము, ఉపహారము అను మాటలు ఏర్పడినవి. భుజించుట ఎక్కడ, చంపుట ఎక్కడ! రెంటిలోను ధాతువొక్కటే. ఇంగ్లీషున 'పుట్' వెనుక 'ఆఫ్', 'ఔట్' చేయుచున్న పనిని సంస్కృతమున ధాతువు ముందు 'ఆ', 'సం' చేయుచున్నవి.

ఈ పోలిక కాకతాళీయము కాదు. సంస్కృతమును ఇంగ్లీషును ఒకే మూలభాష నుండి చీలివచ్చిన శాఖలు. ఆ కుటుంబపు ప్రాచీన భాషలలో ఈ చిన్నమాటలు క్రియకు అంటుకొనక, వాక్యమున విడిగా తిరుగుచుండెను. పాణిని తన అష్టాధ్యాయిలో ఉపసర్గలు ధాతువునకు ముందు రావలెనని విధించి, వెంటనే వేదభాషలో అవి తరువాతను రావచ్చుననియు, నడుమ ఇతర పదములుండవచ్చుననియు చెప్పియున్నాడు. అనగా సంస్కృతమున మొదట స్వేచ్ఛగా తిరిగిన ఉపసర్గ కాలక్రమమున ధాతువు ముందు కట్టువడినది. ఇంగ్లీషు చరిత్రలో చిన్నమాట వేరొక దారిని నడచినది.

క్రీ. శ. 5వ శతాబ్దిలో ఆంగ్లులు, సాక్సనులు, జూటులు ఉత్తర జర్మనీ, డెన్మార్కు తీరముల నుండి బ్రిటన్ దీవికి వలసవచ్చిరి. వారి భాషయే పాత ఇంగ్లీషు. అందు చిన్నమాటలు రెండు విధములుగా ఉండెను. కొన్ని క్రియకు ముందు గట్టిగా అంటుకొనియుండెను. కొన్ని విడిగా, ఒకప్పుడు క్రియకు ముందును, ఒకప్పుడు వెనుకను నిలుచుండెను. మొదటి రకపు శేషములు నేటికిని కలవు. 'ఫర్‌గివ్' అనగా క్షమించుట, 'అండర్‌స్టాండ్' అనగా గ్రహించుట, 'ఓవర్‌కమ్' అనగా జయించుట. 'విత్‌స్టాండ్' అనగా ఎదురొడ్డి నిలుచుట. నేడు 'తోడ' అను అర్థమిచ్చు 'విత్'నకు ఆనాడు 'ఎదురుగా' అని అర్థము. పాత అర్థము ఆ క్రియలో రాతిలోని శంఖము వలె నిలిచియున్నది. ఇంగ్లీషునకు దాయాదియైన జర్మను భాషలో నేటికిని రెండు పద్ధతులును కలవు. 'ఔఫ్‌గేబెన్' అనగా వదలుకొనుట. నిఘంటువున 'ఔఫ్' ముందున్నది. కాని 'నేను వదలుకొనుచున్నాను' అనవలసినపుడు అది ఊడి వాక్యాంతమునకు పోయి, 'ఇహ్ గేబే ఔఫ్' అగును.

ఇంగ్లీషున క్రియకు ముందు అంటుకొన్న ప్రత్యయములు మెల్లమెల్లగా అరిగిపోయినవి. వానిపై ఊనిక లేదు. ఊనిక లేని అక్షరము నాలుకపై నిలువదు. ధ్వని నశించినకొలది అర్థమును మసకబారెను. 'అప్', 'ఔట్', 'ఆఫ్' వంటి విడిమాటలపై ఊనిక కలదు, వాని అర్థమును స్పష్టము. అదే కాలమున వాక్యక్రమము మారుచుండెను. క్రియ కర్మకు ముందు నిలుచుట అలవాటు కాగా, చిన్నమాట క్రియకు వెనుక స్థిరపడినది. ముందు నడచిన సేవకుడు వెనుకకు వచ్చినాడు. పని మాత్రము విడువలేదు.

ఈ మార్పునకు బలము చేకూర్చినవారు డేనులు. 793లో లిండిస్‌ఫార్న్ మఠముపై పడిన దోపిడితో ఉత్తరదేశ నావికుల దండయాత్రలు ప్రసిద్ధికెక్కెను. 865లో వచ్చిన పెద్ద సేన దోచుకొని మరలిపోక, తూర్పు, ఉత్తర ప్రాంతములలో భూములు పంచుకొని కాపురముండెను. ఆ ప్రాంతమునకే డేన్‌లా అని పేరు. డేనుల భాషలో క్రియల ముందరి ప్రత్యయములు అప్పటికే చాలవరకు నశించి, క్రియ వెనుక చిన్నమాట నిలుచు పద్ధతి బలపడియుండెను. ఒకే సంతలో బేరమాడుచు, ఒకే పొలముగట్టున తగవులాడుచు, వియ్యములందుచు బ్రదికిన రెండు జాతుల భాషలు కలిసిపోవుటలో వింత లేదు. 'టేక్' అను క్రియ డేనులు తెచ్చినది. పాత ఇంగ్లీషున దాని స్థానమందుండిన 'నిమన్' అను క్రియను అది వెడలగొట్టినది. 'గెట్' సైతము వారిదే. 'గివ్' పాతదే అయినను, అందలి 'గ' ధ్వని వారి ఉచ్చారణ ప్రభావమువలన నిలిచినది. 'టేక్', 'గెట్', 'గివ్' అను మూడు క్రియలను తీసివేసినచో నేటి జంటక్రియలలో ఎన్ని మిగులునో శ్రోతలే ఊహింపవచ్చును.

1066లో నార్మండీ ప్రభువు విలియము ఇంగ్లండును జయించెను. కొలువు, న్యాయస్థానము, పెద్దల విందు ఫ్రెంచివారి వశమైనవి. మఠములలోను, విద్యాస్థానములలోను లాటిను ముందే కలదు. ఇంగ్లీషు పొలములలోను, వంటయిండ్లలోను మిగిలినది. నాడు చరిత్రను ఇంగ్లీషున వ్రాయుచుండిన మఠములు ఒక్కొక్కటిగా ఆ పని మానుకొనెను. పీటర్‌బరో మఠమునందు మాత్రము 1154 వరకు వృత్తాంతము ఇంగ్లీషుననే సాగినది. ఈ పీటర్‌బరో పూర్వము డేనులు కాపురమున్న ప్రాంతములోనిది. ఆ వృత్తాంతమున 1132వ సంవత్సరము క్రింద ఒక సంగతి కలదు. ఫ్రాన్సు నుండి వచ్చి ఆ మఠమునకు అధిపతియైన హెన్రీ అను నాతనిచే రాజు ఆ పదవిని వదలింపజేసి దేశమునుండి పంపివేసెను. అచ్చట 'వదలుకొనుట' అను అర్థమున లేఖకుడు వాడినది 'గివ్ అప్' అను జంటక్రియయే. వర్ణక్రమము పాతది, మాట నేటిది. ఒక విదేశీయాధిపతి పోయెనన్న ఊరటతో ఆ సన్యాసి నిత్యము తాను మాటలాడు భాషలోని మాటనే వ్రాతలో పెట్టినాడు. గ్రంథస్థమైన తొలి జంటక్రియలలో ఇది ఒకటి.

అటుపిమ్మట ఇంగ్లీషు ఇల్లు రెండంతస్తుల మేడ అయినది. పై అంతస్తున ఫ్రెంచి, లాటిను మాటలు. క్రింది అంతస్తున పాత ఇంటిమాటలు. లొంగిపోవుటకు పైన 'సరెండర్', క్రింద 'గివ్ అప్'. వాయిదా వేయుటకు పైన 'పోస్ట్‌పోన్', క్రింద 'పుట్ ఆఫ్'. సహించుటకు పైన 'టాలరేట్', క్రింద 'పుట్ అప్ విత్'. దీపమార్పుటకు పైన 'ఎక్స్‌టింగ్విష్', క్రింద 'పుట్ ఔట్'. ఈ ఏర్పాటు మనకు క్రొత్త కాదు. మన భాషలో 'సహించు' పైది, 'ఓర్చుకొను' క్రిందిది. 'ఆరంభించు' పైది, 'మొదలుపెట్టు' క్రిందిది. 'మరణించెను' పైది, 'చనిపోయెను' క్రిందిది. మన ఇంటిమాటలును రెండేసి మాటల కూర్పులై ఉండుట గమనింపదగినది.

ఈ పోలికను మరికొంత దూరము సాగింపవచ్చును. ఇంగ్లీషున 'ఈట్' అనగా తినుట, 'ఈట్ అప్' అనగా పళ్లెములో మెతుకు మిగులకుండ తినివేయుట. 'యూజ్ అప్' అనగా అయిపోవువరకు వాడివేయుట. 'బర్న్ అప్' అనగా బూడిద అగునట్లు కాలిపోవుట. ఈ 'అప్' పైకి చూపుట లేదు, పని ముగిసినదని చెప్పుచున్నది. మన 'వేయు', 'పోవు' చేయు పనియు అదియే. 'తినివేసెను' అన్నపుడు విసరివేయుట లేదు, 'కాలిపోయెను' అన్నపుడు ప్రయాణము లేదు. 'దీపము కొండెక్కినది' అన్నపుడు ఏ దీపమును కొండ ఎక్కలేదు. తెలుగు నేర్చుకొనవచ్చిన పరదేశికి ఇవి ఎంత వింతయో, మనకు 'పుట్ ఔట్' అంత వింత. ఏ భాషలోనైనను ఇంటిమాటకు తర్కముకంటె వాడుకయే ప్రమాణము.

షేక్స్పియరు ఈ రెండంతస్తుల నడుమ రాకపోకలు సాగించినవాడు. 'ఒథెల్లో' నాటకమున నాయకుడు నిద్రించుచున్న భార్యను చంపబోవుచు చేతిలోని దీపమును చూచును. దీపమును ఆర్పుటకును ప్రాణమును ఆర్పుటకును అతని నోట వచ్చునది 'పుట్ ఔట్' అను ఇంటిమాటయే. పై అంతస్తు మాట అతనికి తెలియక కాదు. గుండె చిక్కబట్టిన వేళ మనుష్యుని నాలుక క్రింది అంతస్తునకే దిగునని ఆ కవికి తెలియును.

తరువాతి పండితులు ఇంటిమాటకు ఇంత చనువు ఈయలేదు. లాటిను వ్యాకరణమే కొలబద్దయైన కాలమది. డ్రైడెను కవి 1672లో బెన్ జాన్సను రచనలలో వాక్యాంతమున నిలిచిన విభక్తిమాటలను తప్పుపట్టెను. 1684లో తన పాత గ్రంథమును మరల అచ్చువేయునపుడు తన వాక్యములను సైతము ఆ మేరకు దిద్దుకొనెను. వాక్యము చివర చిన్నమాట వ్రేలాడుట అనాగరికమను భావము ఆనాటినుండి బడిపంతుళ్ల నోట పాతుకొనిపోయినది. జంటక్రియలకును ఆ మైల అంటినది.

1755లో వెలువడిన శామ్యూల్ జాన్సను నిఘంటువు ఈ విషయమున ప్రశంసింపదగినది. తన రచనలో లాటిను పదగాంభీర్యమును వలచిన ఆ పండితుడు పీఠికలో జంటక్రియలను ప్రత్యేకముగా పేర్కొనెను. ఇట్టి కూర్పు ఇంగ్లీషున ఉన్నంత ఎక్కువగా మరి ఏ భాషలోను లేదేమో అనియు, పరదేశీయులకు అత్యంత కష్టమైనది ఇదియే అనియు భావించి, తాను వీనిని శ్రద్ధతో చేర్చితినని తెలిపెను. తనకు రుచింపని మాటనైనను జనులు వాడుచున్నపుడు లెక్కలోనికి తీసికొనుట నిఘంటుకర్త ధర్మమని ఆయన ఎరిగినవాడు.

19వ శతాబ్దిలో యంత్రములు వచ్చినవి. ఒక్కొక్క యంత్రమునకు క్రొత్త మాట కావలసివచ్చినపుడు, పండితులు లాటిను, గ్రీకు ధాతువులతో పేరు పెట్టిరి. ఆ యంత్రముతో పనిచేయు జనులు పాత క్రియకు చిన్నమాట తగిలించి పని సాగించిరి. గ్యాసు దీపమునకు కొళాయి తిరుగద్రిప్పవలెను గనుక వెలిగించుట 'టర్న్ ఆన్' అయినది. నేడు త్రిప్పుట లేదు, మీట నొక్కుటయే. అయినను మాట నిలిచినది. గోడకు బిగించిన టెలిఫోనులో మాటలాడుట ముగిసినపుడు చెవికడ్డీని కొక్కెమునకు తగిలించెడివారు గనుక అది 'హ్యాంగ్ అప్'. గడియారమునకు చావి ఇచ్చుట 'వైండ్ అప్', చావి అయిపోయి అది మందగించుట 'రన్ డౌన్'. ఓడ వేగమును కొలుచుటకు త్రాటికి కట్టి నీటవిడుచు దుంగ 'లాగ్'. ఆ కొలతలు వ్రాయు పుస్తకమును 'లాగ్' అయినది. 20వ శతాబ్ది ఉత్తరార్ధమున కంప్యూటరులోనికి పేరు చెప్పి ప్రవేశించుట 'లాగ్ ఇన్' అయినది. నేడు హైదరాబాదు కార్యాలయములలో ఉదయమున 'లాగిన్' అగుచున్న యువకులు, తమకు తెలియకయే, ఓడవెంట నీటిలో తేలిన ఒక కొయ్యముక్కను తలచుకొనుచున్నారు.

ఇంత చరిత్రగల ఈ కూర్పునకు నిలుకడగల పేరు 20వ శతాబ్దిలో గాని రాలేదు. 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ తన 'వర్డ్స్ అండ్ ఇడియమ్స్' అను గ్రంథమున 'ఫ్రేజల్ వర్బు' అను పేరు వాడి, దానిని సూచించినవాడు ఆక్స్‌ఫర్డు నిఘంటు సంపాదకులలో ఒకరైన హెన్రీ బ్రాడ్లీ అని తెలిపెను. 1930లో సి. కె. ఆగ్డెన్ ప్రపంచమంతట సులభముగా నేర్వదగిన 'బేసిక్ ఇంగ్లీషు'ను ప్రకటించెను. అందలి మాటలు 850. క్రియలు పదునెనిమిదియే. 'గో ఇన్' ఉండగా 'ఎంటర్' ఏల, 'గివ్ అప్' ఉండగా 'సరెండర్' ఏల అని ఆయన వాదము. 1943లో చర్చిల్ హార్వర్డు విశ్వవిద్యాలయ సభలో దీనిని పొగడెను. కాని లెక్కలో ఒక లోపము కలదు. 'గివ్' తెలిసినవానికి, 'అప్' తెలిసినవానికి 'గివ్ అప్' తెలియదు. అది మూడవ మాట. మాటల సంఖ్య తగ్గినది గాని, నేర్వవలసిన అర్థముల సంఖ్య తగ్గలేదు.

ఇక మనవారి తడబాటునకు కారణము విచారింతము. 1835లో మెకాలే పత్రము, 1857లో మద్రాసు విశ్వవిద్యాలయము మనకు ఇంగ్లీషు విద్యాద్వారములు. ఆ ద్వారము మేడ పై అంతస్తునకు తెరచుకొన్నది. పాఠ్యములు మహాకవుల కావ్యములు, గంభీర వ్యాసములు. కొలువు దొరకిన పిదప వాడినది కచేరి భాష, కోర్టు భాష. 'అడ్జర్న్', 'ఇన్వెస్టిగేట్', 'టాలరేట్' అను మాటలు తత్సమములకు అలవడిన మన చెవికి గౌరవముగా తోచినవి. ఇంగ్లీషు బిడ్డ తల్లియొడిలో మొదట నేర్చు 'గెట్ అప్', 'సిట్ డౌన్' మాటలు మనకు కడపట వచ్చినవి. వారు క్రిందినుండి మేడ ఎక్కిరి, మనము పైనుండి దిగుచున్నాము. ఈ లోటును గుర్తించియే స్వాతంత్ర్యానంతరము వాడుక ఇంగ్లీషు బోధనపై శ్రద్ధ పెరిగినది. 1958లో హైదరాబాదున వెలసిన కేంద్ర ఆంగ్లభాషా సంస్థ ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చినది. అదియే నేటి ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయము.

ఈ తడబాటు పరీక్షలో రెండు మార్కులతో పోవునది కాదు. ఆంగ్లదేశపు ఆసుపత్రులలో పనిచేయు మన తెలుగు వైద్యులు, నర్సులు ఎందరో కలరు. రోగి పై అంతస్తు మాటలు పలుకడు. వాంతి అగుచున్నదనుటకు 'త్రోయింగ్ అప్' అనును. మోకాలు బాధపెట్టుచున్నదనుటకు 'ప్లేయింగ్ అప్' అనును. అందు ఆట లేదు. మందు ప్రభావము తగ్గుచున్నదనుటకు 'వేరింగ్ ఆఫ్' అనును. మన విద్యార్థులు 'పాస్ ఔట్' అన్నచో కళాశాల చదువు ముగించుట. సైనిక, పోలీసు శిక్షణ ముగించిన సందర్భమున ఇంగ్లీషువారికిని ఆ అర్థము కలదు. కాని వారి ఇంటిమాటలో 'పాస్ ఔట్' అనగా స్పృహ తప్పుట. 'పాస్ అవే' అన్నచో మరణించుట. మూర్ఛకును మరణమునకును నడుమ ఒక్క చిన్నమాటయే అడ్డు. ఆ మాటను చెవి ఒడిసిపట్టవలెను.

మనవారు 'కోప్ విత్' అనవలసినచోట 'కోప్ అప్ విత్' అందురు. 'పుట్ అప్ విత్', 'కీప్ అప్ విత్' అను మాటల సామ్యమువలన ఆ 'అప్' వచ్చి చేరియుండవచ్చును. దీనిని చూచి సిగ్గుపడ నవసరము లేదు. మనలో మనకు అది అర్థమగుచునే ఉన్నది. పోలికను పట్టి మాటను కూర్చుట భాష నేర్చువాని సహజధర్మము. అయినను ఏది ఎక్కడ చెల్లునో ఎరిగి వాడుట మేలు.

నేర్చుకొనుటకు మార్గమేమి? జాబితాలు వల్లించుట ఫలింపదు. మాటను వాక్యముతో సహా పట్టవలెను. అందు ఒక్క సూత్రము ఎల్లవేళల ఉపకరించును. చిన్నమాట క్రియకు కట్టువడినదా, తరువాతి నామమునకు కట్టువడినదా అని చూడవలెను. 'హి ర్యాన్ అప్ ఎ హిల్' అనగా అతడు గుట్టపైకి పరుగెత్తెను. ఇచ్చట 'అప్' గుట్టకు చెందినది. 'హి ర్యాన్ అప్ ఎ బిల్' అనగా అతడు అంగడిలో బాకీ పెంచెను. ఇచ్చట 'అప్' క్రియకు చెందినది. రెండవదానిలో చిన్నమాటను కర్మకు అవతలికి జరిపి, 'హి ర్యాన్ ఎ బిల్ అప్' అనవచ్చును. మొదటిదానిలో అనరాదు. కర్మస్థానమున సర్వనామమున్నచో జరుపుట తప్పనిసరి. 'పుట్ ఇట్ ఆఫ్' ఒప్పు, 'పుట్ ఆఫ్ ఇట్' తప్పు. 'లుక్ ఆఫ్టర్ హర్' అన్నచోట 'ఆఫ్టర్' నామపక్షమున నిలుచునది గనుక కదలదు.

డేనుల పడవలలో వచ్చి, ఫ్రెంచి కొలువునకు వెలియై, పండితుల చిన్నచూపును ఓర్చుకొని, గ్యాసు దీపము మొదలు కంప్యూటరు వరకు ప్రతి క్రొత్త పనికి తానే మాటయై నిలిచినది ఈ జంటక్రియ. ఇంగ్లీషువారి గ్రంథములు చదువుటకు పై అంతస్తు మాటలు చాలవచ్చును. వారి రోగికి మందు ఇచ్చుటకు, వారి బిడ్డను ఊరడించుటకు, వారి ముసలివారు చెప్పుకొను కష్టము వినుటకు క్రింది అంతస్తు మాటయే కావలెను.